గర్భిణి బీపీకి అనులోమ విలోమమా, భ్రామరా, మాత్రా: ఏది మేలు?

మా చెల్లెలు కాన్పుకని ఏడో నెలలోనే కర్నూలుకు, మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో చెకప్‌కు వెళ్తే బీపీ 138/88 ఉందన్నారు. ఇక మాత్ర వేసుకోవాల్సి వస్తుందేమోనని దానికి ఒకటే టెన్షన్. రెండోసారి వెళ్లినప్పుడు వరుసలో కూర్చుని, చెవులు వేళ్లతో మూసుకుని, "మ్‌మ్‌మ్" అని తుమ్మెదలా మోగడం మొదలుపెట్టింది. అదే భ్రామరి ప్రాణాయామం. పక్కనున్న జేజి నన్ను మోచేత్తో పొడిచి, "పాపం, చెవిపోటా?" అంది. పది నిమిషాలు మోగి లోపలికి వెళ్తే 126/80. బయటికొచ్చి నా వంక గెలిచినట్టు చూసింది. ఆ సాయంత్రం ఇంట్లో మిషన్‌తో చూస్తే 144/92.

ఏ అంకె నిజమంటే, రెండూ నిజమే. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాం. దాన్ని ఆరేడుకు తగ్గించి, వదిలే ఊపిరిని సాగదీస్తే గుండె వేగం నెమ్మదిస్తుంది. మెడలోని పెద్ద ధమనుల్లో రక్తపు ఒత్తిడిని కనిపెట్టే నరాలు చురుకవుతాయి, బిగుసుకున్న నాళాలు కాస్త వదులవుతాయి. బీపీ దిగుతుంది. కానీ లేచి నాలుగు పనులు చేసేసరికి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఏ ప్రాణాయామం మేలో చెప్పేముందే ఇది చెప్పాలి: ముందు బీపీ చూసుకోండి, ఊపిరి పని తర్వాత. చెకప్‌కు ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవడం వేరు, అంకె దిగేదాకా ప్రాణాయామం చేయడం వేరు. రెండోది డాక్టరుకు చూపించాల్సిన బీపీని మనమే దాచిపెట్టడం.

ఇక పోటీలోంచి ముందే తీసేయాల్సినవి కపాలభాతి, భస్త్రిక. పొట్టను ఎగరేస్తూ ఊపిరిని వేగంగా కొట్టేవి గర్భిణికి వద్దు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల ఊపిరి మామూలు కంటే ఎక్కువే ఆడుతుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ అప్పటికే తగ్గి ఉంటుంది. దానిమీద కొలిమితిత్తిలా ఊదితే ఇంకా తగ్గి కళ్లు తిరుగుతాయి. నా కాన్పు రోజుల్లో ఒక యోగా క్లాసులో "మెల్లగా చెయ్యమ్మా, ఏమీ కాదు" అంటే చేశాను. గోడ పట్టుకుని కూర్చున్నాను. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం కూడా అంతే. గురువు ఎంత పేరున్నవాడైనా గర్భిణితో బిగబట్టించకూడదు.

శీతలి సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. మన ఏప్రిల్ ఎండలకు నాలుక మడిచి గాలి పీలిస్తే నోటికి చల్లగా ఉంటుంది. నాలుక అందరికీ మడతపడదు. పైగా రోడ్డు పక్క ఇల్లయితే ఆ దుమ్మంతా ముక్కు వడపోయకుండానే లోపలికి పోతుంది.

మిగిలినవి అనులోమ విలోమం, భ్రామరి. బిగబట్టకుండా చేస్తే రెండూ మంచివే. అనులోమ విలోమంలో ఒక లెక్క ఉంది: ఒక ముక్కు వేలితో మూసి రెండోదానితో నాలుగు అంకెలు పీల్చి, ముక్కు మార్చి ఆరు అంకెలు వదలడం. మనసు అటూ ఇటూ పోకుండా ఆ లెక్క పట్టి ఉంచుతుంది. అయితే చాలామంది గర్భిణులకు జలుబు లేకపోయినా ముక్కు దిబ్బడ వేస్తుంది. గర్భం వల్ల ముక్కులోపలి పొరలు ఉబ్బడమే కారణం. మా చెల్లెలికి కుడి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. ఎడమది వేలితో మూసేసరికి చెల్లెలు ఊపిరి కోసం కొట్టుకుంది. ప్రశాంతత కోసం మొదలుపెట్టి గాబరా తెచ్చుకున్నట్టయింది.

భ్రామరికి ఆ బాధ లేదు. లెక్క కూడా అక్కర్లేదు. మోత సాగినంతసేపూ ఊపిరి దానంతటదే నెమ్మదిగా బయటికి పోతుంది. చిక్కల్లా చేతులతోనే. మోచేతులు పైకెత్తి పది నిమిషాలంటే భుజాలు లాగేస్తాయి. నేను చెవులు వదిలేయమన్నాను. చేతులు ఒడిలో పెట్టుకుని, వీపు గోడకు ఆనించి, కుర్చీలోనో పరుపు మీదో కూర్చుని మోగితే చాలు. ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకుని మాత్రం వద్దు, గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడుతుంది. పడుకునే చేయాలంటే ఎడమవైపు తిరగాలి. ముక్కు బాగుంటే పొద్దున అనులోమ విలోమం, రాత్రి నిద్రకు ముందు భ్రామరి. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు భ్రామరికే.

మా అత్త మాట వేరు: "ఇవన్నీ ఎందుకు, కేసీ కాలువ గట్టున నడిస్తే పోదా?" అని. నడక మంచిదే. కానీ బెంగళూరులో 335 మంది గర్భిణులతో చేసి 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో కొందరు రోజూ గంటసేపు ప్రాణాయామం, ధ్యానంతో కూడిన యోగా చేశారు, మిగతావాళ్లు పూటకు అరగంట చొప్పున రెండు పూటలా నడిచారు. యోగా చేసినవాళ్లలో బిడ్డల బరువు మెరుగ్గా ఉంది, నెలలు నిండని కాన్పులు తగ్గాయి. చీటీలు వేసి విడదీసిన గుంపులు కావు కాబట్టి అదే ఆఖరి మాట అనలేం. నేనైతే రెండూ చేయమంటాను, ఎండ దిగాక నడక, ఆ తర్వాత ఊపిరి.

ఇక ప్రాణాయామమా, మాత్రా అన్నది. ఇక్కడ పోలికే లేదు. 20 వారాల తర్వాత కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 గానీ అంతకు మించి గానీ వస్తే అది గర్భిణి బీపీ. దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా. అది ముదిరి ఫిట్స్ వస్తే పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు. ప్రీఎక్లాంప్సియా మూలం బిడ్డను పోషించే మాయలో, అంటే మొదటి నెలల్లో అక్కడి రక్తనాళాలు సరిగ్గా విచ్చుకోకపోవడంలో ఉంటుంది. ఊపిరి అక్కడిదాకా పోయి బాగుచేయలేదు. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా గర్భిణులకు ఏళ్లుగా ఇస్తున్న మాత్రలే. ఇంట్లో మామయ్య వేసుకునే బీపీ మాత్ర టెల్మిసార్టాన్ మాత్రం పొరపాటున కూడా వేసుకోకూడదు, బిడ్డకు ప్రమాదం. 160/110 వచ్చినా, విడవని తలనొప్పి, కళ్లు మసకలు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఒక్కసారిగా మొహం ఉబ్బడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా చాప తీసేసి 108కి ఫోన్ చేయాలి. మామూలు చెకప్‌లకైతే ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు.

ఆ సాయంత్రపు అంకె చూశాక మర్నాడే మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి చెల్లెలు నోరు మెదపకుండా కూర్చుంది. నర్సు పట్టీ చుట్టి రెండుసార్లు చూసింది: 146/94, 144/94. డాక్టరమ్మ మాత్ర రాసి, మూత్ర పరీక్షకు పంపింది. తిరిగొస్తుంటే కొండారెడ్డి బురుజు దగ్గర ఆటో ట్రాఫిక్‌లో ఆగింది. వెనక సీట్లోంచి "మ్‌మ్‌మ్" అని మొదలైంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏందక్కా, బండిలోంచేనా ఆ శబ్దం?" అన్నాడు.