పాత మోపెడ్ కార్బురేటర్ రిపేర్ కిట్: నీడిల్ బాగుంది, జెట్ బాగోలేదు

పాత టూ-స్ట్రోక్ మోపెడ్‌ల కోసం వచ్చే ఈ కిట్‌లో ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్ గిన్నె నిండగానే పెట్రోల్ రాకను ఆపే సూది), మెయిన్ జెట్ (ఇంజన్‌కు పెట్రోల్‌ను కొలతగా వదిలే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క), గిన్నె గ్యాస్కెట్, ఓ-రింగులు, ఇన్‌టేక్ గ్యాస్కెట్ ఉంటాయి. పెట్టిన డబ్బుకు న్యాయం చేసేది నీడిలే. కొనకు విటాన్ రబ్బరు ఉండటంతో ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో తొందరగా ఉబ్బదు. బండికి ఎక్కించే ముందే కార్బురేటర్‌ను నిటారుగా పట్టుకుని, పెట్రోల్ పైపు తగిలించి, ట్యాప్ తెరిచి పది నిమిషాలు చూడండి. ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోల్ కారుతోందంటే నీడిల్ ఒక్కదాన్నే అనుమానించకండి. నీడిల్ కొన ఆనే సీటుకు చిలుము పట్టి ఉంటే కొత్త నీడిలైనా కారుతుంది. గిన్నెలో తేలుతూ నీడిల్‌ను పైకి నెట్టే ఫ్లోట్‌ను తీసి చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోల్ కదిలిన చప్పుడు వస్తే దానికి చిల్లు పడ్డట్టే. ఆ ఫ్లోట్ కిట్‌లో లేకపోవడం పెద్ద లోటు.

మెయిన్ జెట్ నంబరు సరిపోయినా రంధ్రం అంచు గరుకుగా ఉంది. పాత జెట్‌నే కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి వాడుకోవడం మేలు. ఇనుప తీగతో మాత్రం పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది.

ఇన్‌టేక్ గ్యాస్కెట్ మరీ పల్చన. ఫ్లాంజ్ (కార్బురేటర్‌ను ఇంజన్ వైపు బిగించే చదును అంచు) కాస్త వంకరగా ఉన్నా సందులోంచి గాలి పీలుస్తుంది: యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ రయ్యిమంటూనే ఉంటుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, అలాగే నడిపితే పిస్టన్ సిలిండర్‌లో బిగిసి పట్టేస్తుంది. అద్దం మీద 400 నంబరు ఎమ్రీ పేపర్ పరిచి ఫ్లాంజ్‌ను చదునుగా రుద్దాకే బిగించండి.

నీడిల్, ఓ-రింగుల కోసమైతే ఈ కిట్ తప్పక కొనొచ్చు.