మా గంజాం సర్కారు లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఉన్నాయి, కాకపోతే వెతకడం తెలియాలి

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్న మన తెలుగోళ్ళ కోసం రాస్తున్నా. మా టౌన్లో గవర్నమెంట్ పబ్లిక్ లైబ్రరీ ఒకటుంది, ఏదని అడక్కండి, పేరు రాస్తే పాపం ఎవరో చిన్న ఉద్యోగికి అక్షింతలు పడతాయి. రేటింగ్ అయిదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర చాలావరకు ఫోన్ దగ్గరే పోయింది.

నెట్లో ఉన్న ల్యాండ్‌లైన్ నంబర్ మోగుతుంది గానీ ఎత్తే నాథుడుండడు, మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు, ఇక టైమింగ్స్ అయితే గేటు బోర్డు మీద ఒకటి, లోపల తలుపుకి అంటించిన కాగితం మీద ఇంకొకటి, అసలు తెరిచేది మూడో టైము. కాబట్టి ఫోన్ జోలికి పోకుండా సాయంత్రం నాలుగు దాటాక నేరుగా వెళ్ళిపోండి. ఆ టైముకి రీడింగ్ రూమ్ అంతా ఎగ్జామ్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలే, ఇంచార్జ్ సార్ కూడా సీట్లో ఉంటారు. మనిషి మంచోడు. "ఆగ్యా, తెలుగు బహి అఛి కి" (అయ్యా, తెలుగు పుస్తకాలున్నాయా) అని నేను ఒడియాలో మొదలెడితే ఆయనే నవ్వి తెలుగులోకి దిగిపోయాడు, ఇక్కడ సగం బజారుకి రెండూ వచ్చు కదా. మెంబర్‌షిప్‌కి ఆధార్ జిరాక్స్, ఫోటోలు, కొంచెం డిపాజిట్, అంతే. రసీదు మాత్రం పారేసుకోవద్దు, అది లేకపోతే డిపాజిట్ వెనక్కి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. కంప్యూటర్ ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. పుస్తకం వెతకడానికి ఉన్నదల్లా రచయితల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన కార్డులే, అవి రాసినవాళ్ళకి మన పేర్ల సంగతి తెలీదు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఒడియావాళ్ళకి పండా, పాత్రో, సాహు లాంటి ఇంటిపేర్లు చివర్లో ఉంటాయి, ఆ లెక్కన చివరి మాటే ఇంటిపేరనుకుని ఎక్కించేశారు, దాంతో మన రచయితలంతా రావు, మూర్తి, శర్మ, దేవి అని నాలుగు గుంపులైపోయారు. పక్కనే పర్లాకిమిడిలో పంతులుగా చేసి, సవర భాష నేర్చుకుని, వాడుక భాష కోసం అంత పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు కూడా జి దగ్గర కనిపించరు, ఆర్ దగ్గర ఉన్నారు! శాస్త్రి గార్లయితే ఇంకా కష్టం, ఎస్ తర్వాత హెచ్ పెట్టారో లేదో, చివర ఐయో వైయో, అన్నీ తిప్పి చూసుకోవాల్సిందే.

ఈ గోలంతా ఎందుకనుకుంటే పుస్తకం వీపు మీద నంబర్ చూడండి. లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, తమిళం 894.811, కన్నడం 894.814, ఒడియా మాత్రం దూరంగా 891.456 దగ్గర ఉంటుంది. 894 ఉన్న బీరువా పట్టుకున్నారంటే సగం పని అయిపోయినట్టే. అయితే సర్దే కుర్రాడు పాయింట్ తర్వాత అంకెలు పట్టించుకోడు, అందుకని తమిళ పుస్తకాల మధ్య కూడా చెయ్యి పెట్టి చూడండి, నాకు మంచి కథల సంపుటాలు అక్కడే దొరికాయి. వంటల పుస్తకాలు ఇక్కడ ఉండవు, అవి 641 దగ్గర, ఇంకో గదిలో.

కింది అర వదలొద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, అప్పటివి కొన్ని ఇంకా మిగిలున్నాయి. మద్రాసులో పాత తెలుగు పుస్తకాలు వేసిన వావిళ్ళ వారి అచ్చు ఒకటి చూశా, అట్ట సగం ఊడింది, చెదలు మార్జిన్ అంతా తినేసి సరిగ్గా అక్షరాల దగ్గర ఆగిపోయాయి, లోపలి పేజీలో ఊదారంగు రబ్బరు స్టాంపు అలికిపోయి ఉంది. ఇలాంటివి ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. ఫోటో తీసుకుంటానంటే ఏమీ అనలేదు.

కొత్త పుస్తకాలు అడగొద్దు. లైబ్రరీలకి పుస్తకాలు సాయం చేసే రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ అని కోల్‌కతాలో 1972లో పెట్టింది ఉంది కదా, ఆ స్టాంపుతో వచ్చిన వాటిలో తెలుగువి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇదేంటి సార్ అంటే "అడిగేవాళ్ళు ఉంటేగా" అన్నారు, అదీ నిజమే మరి, కౌంటర్లో సజెషన్ రిజిస్టర్ ఉంది, తిరగేస్తే తెలుగు పుస్తకం కావాలని రాసిన పేజీ ఒక్కటీ కనపడలేదు. వెళ్ళినోళ్ళు పుస్తకం పేరు, పబ్లిషర్, ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చేసే గుర్తింపు నంబర్) ఇంగ్లీషులో రాసి రండి, తెలుగులో రాస్తే ఆర్డర్ పెట్టేవాళ్ళకి అర్థం కాదు.

మంచినీళ్ళ సీసా వెంట పెట్టుకోండి, అక్కడి ఫిల్టర్ని నేను నమ్మను. ఇంకొకటి, ఎర్ర అట్ట డిటెక్టివ్ నవల రెండో భాగం మనోళ్ళెవరో తీసుకెళ్ళి ఇవ్వలేదు, మొదటి భాగం నా దగ్గరుంది, హంతకుడెవరో తెలీక చస్తున్నా, దయచేసి తిరిగిచ్చేయండి బాబూ.