డుడుమ దారిలో టైరు కోసుకుపోయింది, డిక్కీలో పానా లేదు

వైజాగ్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకి తీసుకుని ఒడిశాలోని కొరాపుట్, జయపురం వైపు వెళ్దామనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. చూడాల్సినవి చాలా బాగున్నాయి, మనుషులు ఇంకా బాగున్నారు, కానీ మాకు కారు ఇచ్చిన ఏజెన్సీవాళ్లు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అద్దె రోజుకి 2,800, డిపాజిట్ 5,000. స్టెప్నీ, జాకీ, పానా ఉన్నాయా బాబూ అని అడిగితే "అన్నీ ఉన్నాయి సార్, నిన్ననే సర్వీసు అయ్యి వచ్చిన బండి" అన్నాడు అక్కడి కుర్రాడు, కాగితం మీద టూల్ కిట్ అన్నచోట టిక్కు కూడా పెట్టాడు.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి చూసుకుని జయపురం చేరాం, మర్నాడు గుప్తేశ్వర్ శివుడి గుహాలయం, కార్తీక మాసం కాబట్టి మా అత్తగారి ఆనందం చెప్పక్కర్లేదు. జయపురంలో లాడ్జి డబుల్ రూమ్ 1,400, శుభ్రంగా ఉంది, కారు గేటు లోపలే పెట్టుకోవచ్చు, పక్కనే తెలుగువాళ్ల మెస్, భోజనం 120, పప్పు మళ్లీ మళ్లీ అడిగి వేసుకున్నాం.

ఆ తర్వాత డుడుమ జలపాతం. ఒనకఢిల్లీ దగ్గర మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఆంధ్రా, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు, అందుకని ఆ చుట్టుపక్కల తెలుగు బాగానే వినిపిస్తుంది. గురువారం వెళ్తే సంత కూడా చూడొచ్చు. సాయంత్రం లమతాపుట్ మీదుగా జయపురం తిరిగొస్తుంటే ఎదురుగా లారీ వచ్చింది, పక్కకి దిగాల్సొచ్చింది, అంచున ఉన్న రాయి ముందు ఎడమ టైరు పక్క గోడని బెత్తెడు కోసేసింది. గాలి మొత్తం ఒక్కసారే పోయింది.

డిక్కీ తీస్తే జాకీ ఉంది, పానా లేదు. స్టెప్నీ తీసి నొక్కితే చెయ్యి లోపలికి పోతోంది, గాలే లేదు. మలుపు దగ్గర పెట్టడానికి ఎర్ర త్రికోణం లేదు, టార్చి లేదు. అక్కడ కార్తీకంలో ఐదున్నరకే చీకటి పడిపోతుంది, ఫోన్లో సిగ్నల్ లేదు, మా బావమరిది కొండ పైకి నడిచి ఒక గీత దొరికాక ఏజెన్సీకి ఫోన్ చేస్తే "అది మీ బాధ్యత సార్, టోయింగ్ కావాలంటే 9,000 అవుద్ది, రేపు పొద్దున్న పంపుతాం" అన్నారు. లోపల రెండేళ్ల పాప ఏడుస్తోంది, అత్తగారు మాట్లాడటం మానేసి శివనామం మొదలెట్టారు, మా ఆవిడ నా మొహం చూస్తోంది. కొమ్మలు విరిచి మలుపు ముందు రోడ్డు మీద వేశాం, రెండు ఫోన్ల లైట్లు వెలిగించి నిలబడ్డాం.

అల్లం బస్తాలేసుకుని ఒక పికప్ వచ్చి ఆగింది. "ఏటయినాది బాబూ?" అని తెలుగులో వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. సాలూరు ఆయన. సీటు కింద నుంచి ఒక పాత రేకు డబ్బా తీశాడు, అందులో నాలుగు సైజుల ప్లస్ పానా, కాలితో కొట్టే పంపు, నుదుటికి కట్టుకునే లైటు, తాడు, ఇన్సులేషన్ టేపు, వైరు ముక్కలు, ఫ్యూజులు అన్నీ ఉన్నాయి. ముందుగా వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టించాడు, బండి నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాడు, తర్వాతే జాకీ ఎక్కించాడు. నేనూ మా బావమరిదీ వంతులేసుకుని స్టెప్నీకి గాలి కొట్టాం. అంతా అయ్యాక 500 ఇస్తే తీసుకోలేదు, పాపకి బిస్కెట్లు కొనండి అన్నాడు. అత్తగారు బలవంతంగా గుప్తేశ్వర్ ప్రసాదం చేతిలో పెట్టారు.

మర్నాడు జయపురంలో కొత్త టైరు 4,650, ఫిట్టింగు, బ్యాలెన్సింగు 250. బిల్లు చూపించినా ఏజెన్సీవాళ్లు "టైర్ డ్యామేజ్" అని డిపాజిట్లో 2,500 కోసుకున్నారు. కొత్త టైరు మేం వేయిస్తే డ్యామేజ్ ఎవరికండీ? ఇంకా అడుగుతూనే ఉన్నా.

ఇప్పుడు మా ఇంట్లో ఒక సంచీ ఉంది, ఏ కారు ఎక్కినా అది డిక్కీలోకి వెళ్లాల్సిందే. ప్లస్ పానా 450, లైటర్ సాకెట్లో పెట్టే గాలి పంపు 1,900, మడిచే త్రికోణం 300, నుదుటి లైటు 350, బ్యాటరీ జంపర్ కేబుల్ 700, తాడు, గ్లౌజులు, ఫస్ట్ ఎయిడ్, ఐదు లీటర్ల నీళ్లు, పాపకి దుప్పటి. పంక్చర్ కిట్ కూడా కొన్నాను కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి, అది మేకు దిగితే, అంటే రోడ్డుకి ఆనే భాగంలో చిల్లు పడితే పనిచేస్తుంది, పక్క గోడ కోసుకుపోతే ఏ కిట్టూ పనికిరాదు. 2020 జులైలో నిబంధనలు మార్చి టైర్ ప్రెషర్ చూపించే సిస్టమ్, రిపేర్ కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు, సిటీలో సరేగానీ ఈ ఘాట్లకి స్టెప్నీ లేని కారు తీసుకురావద్దని నా గట్టి సలహా.

జంపర్ కేబుల్ అంటే బ్యాటరీ చచ్చిన బండిని ఇంకో బండి బ్యాటరీతో స్టార్ట్ చేసే వైర్లు, అది ఉన్నవాళ్లు తగిలించే వరుస నేర్చుకోండి, ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచిదాని ప్లస్‌కి, నల్లది మంచిదాని మైనస్‌కి, ఆఖరి కొస మాత్రం ఆగిపోయిన బండి ఇంజను ఇనుముకి, బ్యాటరీకి కాదు.

1033 హెల్ప్‌లైన్ జాతీయ రహదారుల మీదే, సాలూరు-కొరాపుట్ రోడ్డులో పనికొస్తుంది, డుడుమ లాంటి లోపలి దారుల్లో ఎమర్జెన్సీ నంబరు 112 కొట్టాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అద్దె కారైతే ఆ కుర్రాడి చేతే డిక్కీ తీయించి, స్టెప్నీకి గాలి కొలిచే గేజి పెట్టించి, పానా నట్టుకి పట్టించి వీడియో తీయండి. టైమ్ లేదు సార్ అంటే ఆ కారు వద్దని చెప్పి పక్క ఏజెన్సీకి వెళ్లిపోండి.