జాగ్రత్త: ఆదివారం మీట్‌లో ‘ఫుల్ రెస్టోర్డ్’ పద్మినికి టోకెన్ ఇచ్చేముందు

ఆదివారం మీట్ అంటే పాత కార్ల అభిమానుల కలయిక: ఇరానీ హోటల్ ముందు పొద్దున్నే పది పాత కార్లు చేరతాయి. వాటిలో ఒకదాని వెనకద్దం మీద ‘అమ్మబడును’ చీటీ. మెరిసే రంగు, కొత్త సీట్లు, తళతళలాడే క్రోమ్. అలా చూసి అక్కడికక్కడే టోకెన్ (బయానా) ఇచ్చిన ప్రీమియర్ పద్మిని ఒకటి మొదటి వానాకాలానికే తలుపు కింద బుడగలు తేలింది. గోకితే వేలి మందాన లప్పం, దాని వెనక రేకే లేదు. అమ్మినాయన ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

రేకే కదా, టింకరింగ్ చేయిస్తే పోతుందిలే అనుకోకండి. అంబాసిడర్‌కు లేనట్టే పద్మినికీ విడి చాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. వెనక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) బిగించేదీ ఆ రేకుకే. తలుపుల కింద పొడవునా ఉండే సిల్ (గడప లాంటి భాగం), ఫ్లోరు, పట్టీలను పట్టి ఉంచే హ్యాంగర్ చుట్టూ ఉన్న రేకు తుప్పు పట్టాయంటే బండి నడుమే వంగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. తలుపు ఒకసారి తీసి వేసి చూడండి. తర్వాత ఆ పక్క జాకీ ఎత్తి మళ్లీ వేయండి. ముందు సాఫీగా పడిన తలుపు ఇప్పుడు రాసుకుంటే సిల్‌లో బలం లేనట్టే.

లప్పం తనంతట తాను తప్పేమీ కాదు. చిన్న సొట్టకు రెండు మూడు మిల్లీమీటర్లు పెట్టడం మామూలే. తుప్పు తీయకుండా పైన పూస్తేనే ముప్పు. లప్పం చెమ్మ పీలుస్తుంది, లోపల తుప్పు పెరిగి రంగును పైకి నెడుతుంది. పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లి తలుపుల అడుగు భాగం, చక్రాల పైన ఉండే రేకు అంచులు, డిక్కీలో స్టెప్నీ గుంట, బ్యాటరీ కింద పళ్లెం మీద ఆనించండి. అతుక్కోని చోట లప్పం మందంగా ఉన్నట్టే, వెనక రేకే లేకపోవచ్చు. మందం కొలిచే మీటరుంటే ఇంకా మేలు: ఫ్యాక్టరీ రంగు 100-150 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, తిరిగి రంగేస్తే దాని రెట్టింపు దాకా రావచ్చు, వెయ్యి దాటితే అది లప్పమే. అడుగున కొత్తగా నల్ల కోటింగ్ కనిపిస్తే స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమనాలి. దబ్బుమంటే అనుమానించండి. నీళ్లు కారే కన్నాలు పెయింటర్ మూసేశాడేమో కూడా చూడండి.

మీట్‌కు వచ్చిన బండి ఇంజిన్ వేడిగా ఉంటుంది, జబ్బులు దాక్కుంటాయి. అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లండి, మీరు రాకముందు స్టార్ట్ చేయొద్దని చెప్పండి, వెళ్లగానే రేడియేటర్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. చల్లటి స్టార్ట్‌లో కాసేపు నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, గైడ్లు అరిగినట్టు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించండి. తక్కువున్న దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్‌లోనో. అరగంట తిప్పాక ఐడిల్‌లో ఆయిల్ లైటు మిణుకుమంటే బేరింగుల పనిపడ్డట్టే.

మాడిఫైడ్ బళ్లలో ముందు హెడ్‌లైట్లు చూడండి. 100 వాట్ల బల్బులు రెండు కలిసి 12 వోల్టుల మీద దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. ఆ కరెంటును స్విచ్‌కు బదులు మోసే రిలే లేకుండా అదంతా పాత స్విచ్ గుండా పోతే స్విచ్ కరుగుతుంది. ఫ్యూజ్ స్థానంలో రాగి తీగ చుట్టి ఉంటే ఇక చెప్పేదేముంది! కిందికి దించిన మారుతి 800 అయితే జాకీ ఎత్తి స్ప్రింగ్‌ను చేత్తో తిప్పండి. వదులుగా తిరిగిందంటే కోసేసిన స్ప్రింగే, గుంటలో పడితే చోటు తప్పుతుంది.

అసలు బోల్తా కొట్టించేది కాగితాలు. మారుతి 800లో దానికన్నా పెద్దదైన మారుతి ఎస్టీమ్ కారు ఇంజిన్ ఉండి, ఆర్‌సీలో 796 సీసీయే ఉంటే ఆ ‘మార్పు’ మీ నెత్తిన పడుతుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. మోటారు వాహనాల చట్టం 182ఎ(4) కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్లెయిమ్ వేళ బీమా కంపెనీ పట్టుకునేదీ ఇదే.

‘వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి సార్’ అన్న మాట నమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పైగా రోజువారీ తిరగడానికి వీల్లేదు. 1985 కాంటెస్సా కారుకు ఇది ఎలా వర్తిస్తుంది?

ఆర్‌సీ గడువు చూడండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి పొడిగింపు తప్పదు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీసి ఆర్‌సీతో పోల్చండి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలో కొత్త వెల్డింగో ఉంటే దండం పెట్టి వచ్చేయండి. పాత పుస్తకం ఆర్‌సీ ఆన్‌లైన్‌లో కనబడకపోతే ఆ బండి రిజిస్టరైన ఆఫీసులోనే వాకబు చేయాలి. ఢిల్లీ బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన జీవిత పన్ను లెక్క ముందే తేల్చుకోండి. ఎప్పుడో సంతకం పెట్టించిన ఖాళీ ఫారం 29, 30 (పేరు మార్పిడి ఫారాలు) చేతిలో పెడితే ఒప్పుకోకండి, ఆర్‌సీలో పేరున్న మనిషి ఎదుట ఉండాలి. టోకెన్ నగదుగా కాక ఆయన ఖాతాకే పంపండి. రసీదులో చాసిస్, ఇంజిన్ నంబర్లు రాయించి, ‘పేరు మారకపోతే టోకెన్ వాపస్’ అనే లైను కూడా చేర్పించండి.