గంతలు కట్టుకుని తిన్నా పోల్చుకోగల పిండివంటలు

భీమవరంలో మేం సంక్రాంతికి ఆర్డరిచ్చే స్వగృహ దుకాణం గురించి ఇది. అందరూ రుచీ ధరా చూస్తారు. మా ఇంట్లో ఇంకోటి కూడా చూస్తాం: కళ్లు మూసుకుని తిన్నా అదేమిటో తెలియాలి.

పెళ్లయిన కొత్తలో మా పెద్ద బావగారు పాకుండని సున్నుండ అన్నారు. నానమ్మ తువ్వాలుతో ఆయన కళ్లకు గంతలు కట్టి, పళ్లెంలో ఉన్నవన్నీ ఒక్కోటీ చేతికిచ్చి పేర్లు చెప్పించింది. మరుసటేడు చిన్న బావగారికీ తప్పలేదు. తర్వాత కోడళ్లూ చేరారు. ఓడినవాళ్లే కనుమకు గారెలు వండాలని షరతు పెట్టారు, పప్పు రుబ్బడంతో సహా. 2022లో నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిందని వార్త రాగానే మా తమ్ముళ్లు మనమూ పెంచుదామన్నారు. తినలేనంత వడ్డించి పారబోయడమెందుకని అమ్మ రకాలు పెంచలేదు, పరీక్ష పెంచింది. ఇప్పుడు అరిసె బెల్లందా పంచదారదా, గవ్వలు నూనెలో వేయించారా నేతిలోనా అన్నది కూడా చెప్పాలి. డాలస్‌లో ఉన్న మరిదిగారికి ముందే పార్సిల్ పంపి, వీడియో కాల్‌లో గంతలు కట్టించాం. మాకు పండగ పొద్దున, వాళ్లకింకా భోగి రాత్రి!

ఇంత పరీక్షకూ నిలబడే సరుకు ఈ దుకాణం వాళ్లది. అరిసెలకు తడిపిండే వాడతారు. చెక్కలతో గట్టిగా ఒత్తుతారు కాబట్టి కాగితం మీద పెడితే నూనె మరక కూడా సరిగా పడదు. విరిస్తే లోపల మెత్తగా ఉంటుంది, నువ్వులు రాలవు. సున్నుండలు పొట్టు మినుములవి. పిండి కాస్త బరకగా ఉంచుతారు, వేపుడు వాసన ముక్కు దగ్గర పెట్టగానే తెలుస్తుంది. వీటిని పోల్చుకోలేకపోతే తప్పు తిన్నవాళ్లదే.

జంతికలు పర్వాలేదు, వాము ఇంకాస్త పడాలి. పూతరేకులు మాత్రం ఇక్కడ కొనకండి. రేకు మందంగా ఉండి నోట్లో కరగడం లేదు. 2023లో జీఐ (ఆ ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన ఆత్రేయపురానివే మేం విడిగా తెప్పించుకుంటున్నాం.

అడిగితే ఒక్కో రకం పావుకిలో చొప్పున కూడా కట్టిస్తారు, విసుక్కోరు. మాలాంటి ఇళ్లకు అదే పెద్ద మేలు. పండగ వారంలో వెళ్తే దొరకవు, ధనుర్మాసం మొదట్లోనే చెప్పి పెట్టుకోండి.