రెండున్నరేళ్ల హోమ్ కేర్: నాన్న గుండీలు నాన్నే పెట్టుకుంటున్నారు

2023 ఫిబ్రవరిలో నాన్న బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. అప్పటికి ఆయనకి 80, అమ్మకి 74. అమ్మకి షుగరు, మోకాళ్ల నొప్పులు. వాళ్లు రాజమండ్రిలో, నేను బెంగళూరులో. "ఇల్లు వదిలి రాము" అన్నారిద్దరూ. మా ఇంట్లో వాళ్లిద్దరూ ఒకే మాట మీద ఉండటం చాలా అరుదు కాబట్టి ఒప్పుకుని, ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టాను.

పగలు 12 గంటలకి నెలకి 19 వేలు, రిజిస్ట్రేషన్ అదనం. అందులో మనిషి చేతికి వెళ్లేది 13 వేలేనని నాలుగో నెలలో తెలిసింది. ఇక ఎవరు నిలబడతారు? మొదటి అయిదు నెలల్లో నలుగురు మారారు. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ అమ్మ మళ్లీ మొదటికొచ్చేది. ఏ మాత్ర తిండికి ముందు, ఏది తర్వాత, నాన్నకి ఏ చెవి వినబడదు, అన్నీ చెప్పాలి. పోలీస్ వెరిఫికేషన్ కాగితం అడిగితే "పంపిస్తాం సార్" అన్నారు. ఇప్పటికీ రాలేదు.

కానీ అసలు పొరపాటు నాదే. ఆ నలుగురిలో మూడో అమ్మాయి చాలా మంచిది. స్నానం, బట్టలు, అన్నం కలిపి తినిపించడం, అన్నీ తనే. వీడియో కాల్‌లో చూసి మురిసిపోయేవాణ్ణి. రెండు నెలలకి నాన్న చెంచా పట్టుకోవడం కూడా మానేశారు, మంచం దిగడానికి బద్ధకం. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు మొహం మీదే అడిగేశాడు: "మనిషిని పెట్టింది ఆయన్ని లేపడానికా, పడుకోబెట్టడానికా?"

ఏజెన్సీ మానేశాం. వీధి చివర మందుల షాపాయన చెప్పిన ఆవిడని నేరుగా పెట్టుకున్నాం. పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా, 12 వేలు. ఆవిడకి నేను చెప్పింది ఒక్కటే: నాన్నకి చేతనైన పని ముట్టుకోవద్దని. నాన్న పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు కాబట్టి ఆవిడకి ఆయన 'మాస్టారు'. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి నాన్నకి పది నిమిషాలు పడుతుంది. ఆవిడ చేతులు కట్టుకుని పక్కన నిలబడుతుంది. మూడో గుండీ నాలుగో కాజాలోకి వెళ్తే "మాస్టారూ, ఉత్తరం తప్పు డబ్బాలో పడిందండి" అంటుంది. ఆయన విసుక్కుంటూ విప్పి మళ్లీ పెడతారు. మొన్న వెళ్లినప్పుడు చూస్తూ ఉండలేక నేనే చెయ్యి పెట్టబోయాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది, అంతే, వెనక్కి తగ్గాను.

వస్తువుల్లో పెట్టిన డబ్బుకి న్యాయం చేసినవి బాత్రూం గోడకి బిగించిన స్టీలు రాడ్లు, కమోడ్ మీద వేసే ఎత్తు సీటు, మనిషి కదిలితే వెలిగే చిన్న లైటు. హాల్లో కెమెరా మాత్రం శుద్ధ దండగ. రెండో రోజే నాన్న దాని మీద తువ్వాలు వేశారు. ఇప్పటికీ అక్కడే ఆరేస్తున్నారు.

డబ్బు విషయంలో ఒక మాట. 70 దాటినవాళ్లకి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. ఇంట్లో పెట్టుకున్న మనిషి జీతం మన జేబులోంచే. పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి మాత్రం ఇప్పుడు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు. నాన్నలాంటి కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లలో 80 దాటినవాళ్లకి అక్టోబరు నుంచే తీసుకుంటారు. నాన్న ఫోన్‌కి ఒప్పుకోరు. 70 రూపాయలిచ్చి పోస్ట్‌మ్యాన్‌నే ఇంటికి పిలిపిస్తారు, కాఫీ ఇచ్చి గంటసేపు కూర్చోబెడతారు.

నేరుగా పెట్టుకోవడంలో ఇబ్బంది ఏమిటంటే, ఆవిడ రాని రోజు బదులు మనిషి ఉండదు. సంక్రాంతి నాలుగు రోజులూ డబుల్ ఇస్తామన్నా రానంది. ఎందుకొస్తుంది, వాళ్లింట్లోనూ పండగే కదా. ఆ నాలుగు రోజులకీ నేను టికెట్లు చేయించుకున్నాను. గుండీల జోలికి వెళ్లొద్దని అమ్మ ఇప్పటికే రెండుసార్లు ఫోన్‌లో చెప్పింది.