పుర్రె పళ్లు: పేపర్ గుజ్జా, ఎపాక్సీ పుట్టీనా?

గంగ జాతర వేషాలు చూసి పెరిగిన తిరుపతి పిల్లలకి అక్టోబర్ 31న దెయ్యాల వేషాలేసే హాలోవీన్ పండక్కి పుర్రె బొమ్మ చేయడం ఓ లెక్కా? చిక్కంతా పళ్ల దగ్గరే. తలకాయకి నానబెట్టిన పేపర్, ఫెవికాల్, సుద్దపొడి కలిపిన గుజ్జు చాలు, చవక, తేలిక. పళ్లకీ అదే వాడితే ఆరేకొద్దీ కుంచించుకుపోయి అంచులు మొద్దుబారతాయి. పైగా అక్టోబర్ అంటే మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, తడి ఓ పట్టాన వదలదు.

పైపు లీకులకి వాడే ఎపాక్సీ పుట్టీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. గ్లవ్స్ వేసుకుని అందులో వచ్చే రెండు ముద్దలూ సమంగా కలపాలి. గట్టిపడ్డాక సాండ్‌పేపర్‌తో రుద్దొచ్చు. తొందరగా బిగుస్తుంది కాబట్టి నాలుగు పళ్లకి సరిపడా మాత్రమే కలపండి. పైవరుస పదహారింటికీ ఒకేసారి కలిపితే సగం రాయి అయిపోతుంది.

నా ఓటు పుట్టీకే. ఏది వాడినా, పుర్రెకి చిగుళ్లుండవు కదా, పళ్లు పొడుగ్గా కనిపించాలి. పంటి వేర్ల ఉబ్బు దవడ ఎముక మీద తెలియాలి, కోరపంటి దగ్గర మరీను. తెల్లగా వదిలేస్తే కట్టుడు పళ్లే! గుజ్జుకి టీ డికాక్షన్ పూస్తే చాలు. పుట్టీ పీల్చుకోదు, పలుచగా గోధుమరంగు అక్రిలిక్ పెయింట్ పూసి వెంటనే తుడిచేయండి, సందుల్లో మిగిలిందే పాచి.